గుజరాతీ గల్లీ లాజిక్ గేట్ల కిట్: ‘అయితే’ని మాత్రం మనమే కట్టుకోవాలి

హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో ‘లాజిక్ గేట్స్ ప్రాజెక్ట్ కిట్’ అని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అమ్మే సామాను ఒకటుంది. గేటు అంటే ‘మరియు’, ‘లేదా’ లాంటి మాటల పనిని కరెంటుతో చేసే చిన్న సర్క్యూటు. తీర్పు ముందే చెప్పేస్తా: సామాను బాగుంది, దాంతో పెట్టిన కాగితం చెత్త, అమ్మినాయన బంగారం. నక్షత్రాలే కావాలంటే సామానుకు నాలుగు, కాగితానికి సున్నా, షాపుకి అయిదు. షాపు పేరు రాయడం లేదు. ఆ గల్లీలో అలాంటివి పక్కపక్కనే బోలెడున్నాయి, ఎక్కడ అడిగినా ఇంచుమించు ఇదే డబ్బా తీసి చూపిస్తారు.

కాలేజీ ప్రాజెక్టుకని కొనేవాళ్లకు ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు. నేను లెక్కల టీచర్ని, రిటైరయ్యాను. ‘మరియు’, ‘లేదా’, ‘కాదు’, ‘అయితే’లతో ప్రవచనాలను (సత్యమో అసత్యమో తేలే వాక్యాలను) కలపడం పిల్లలకు చెప్పాలంటే ఈ డబ్బా ఎంతవరకు ఉపయోగం, అదొక్కటే చూశాను.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, పదో తరగతి లెక్కల మొదటి పేపరు ‘ప్రవచనాలు, సమితులు’తోనే మొదలయ్యేది. సంయోగం (‘మరియు’), వియోగం (‘లేదా’), అనుషంగికం (‘అయితే’), ద్విముఖ అనుషంగికం (‘అయితేనే’), అవి ఎప్పుడు సత్యమో ఎప్పుడు అసత్యమో వరసగా చూపే సత్యపట్టికలు. ఆ తర్వాత విపర్యయం, విలోమం, ప్రతివర్తితం. 2014లో కొత్త పుస్తకాలు వచ్చాక సమితులు మిగిలాయి, ప్రవచనాలు పోయాయి. మొన్నమొన్న 2024లో జేఈఈ మెయిన్ సిలబస్‌లోంచి కూడా ఈ పాఠాన్ని ఎత్తేశారు. ఒకపక్క ఇంటికొకరు కంప్యూటర్ సైన్సులో చేరుతున్నారు, ఇంకోపక్క ఆ సైన్సుకు పునాదిరాయి లాంటి పాఠాన్ని బడిలోంచి తీసేస్తున్నారు. ఎవరు ఆలోచించారో గానీ!

పాఠం ఉన్న రోజుల్లో మాత్రం ఏదో ఉద్ధరించామని చెప్పను. పిల్లలు బట్టీ పట్టేవాళ్లు. ‘సంయోగానికి ఒక్క సత్యమే, వియోగానికి ఒక్క అసత్యమే, అనుషంగికానికి రెండో వరస అసత్యం’ అని పాటలా అప్పజెప్పి, బిట్టు పేపర్లో మార్కులు కొట్టేసి వెళ్లిపోయేవాళ్లు. ఆ రెండో వరసే ఎందుకు అసత్యమవ్వాలి, మూడోదీ నాలుగోదీ ఎందుకు కాకూడదు అని అడిగిన పిల్లలు తక్కువ. అడిగితే చూపించడానికి మా దగ్గర సుద్దముక్క తప్ప ఏమీ ఉండేది కాదు. పాఠంలో స్విచ్చుల బొమ్మలు మాత్రం ఉండేవి: శ్రేణిలో రెండు స్విచ్చులుంటే ‘మరియు’, సమాంతరంగా ఉంటే ‘లేదా’. బొమ్మే, దీపం లేదు.

ఇప్పుడు మా మనవరాలు బీటెక్ రెండో ఏడాది. పొద్దున డిస్క్రీట్ మ్యాథ్స్, మధ్యాహ్నం డిజిటల్ లాజిక్. పొద్దుటి పుస్తకంలో ‘మరియు’కి టోపీ గుర్తు, ‘లేదా’కి తిరగేసిన టోపీ, ‘కాదు’కి అల. మధ్యాహ్నం పుస్తకంలో అవే చుక్క, ప్లస్, పైన గీత. ఇద్దరు లెక్చరర్లు, రెండు పరీక్షలు. రెండూ ఒకటేనని దానికి ఎవరూ చెప్పలేదు. ఒకరోజు నోట్సు పట్టుకొచ్చి, ‘అమ్మమ్మా, ఒకటి ప్లస్ ఒకటి ఒకటి అని రాయించారు, సార్ పొరపాటున చెప్పారా?’ అంది. పొరపాటు కాదు. 1854 నాటికే జార్జ్ బూల్ తర్కాన్ని బీజగణితంలాగా రాసిపెట్టాడు. ఈ చుక్కలూ ప్లస్సులూ ఆ దారిలో వచ్చినవే. దాన్ని తీగల్లోకి, స్విచ్చుల్లోకి దింపొచ్చని క్లాడ్ షానన్ 1937లో ఎంఐటీలో మాస్టర్స్ థీసిస్ రాశాడు. అప్పటికి ఆయన వయసు 21. దీని తోటివాడే అనుకోవచ్చు. ఇదంతా నోటితో చెబితే ‘ఊఁ’ కొట్టి ఫోను చూసుకుంటుంది. అందుకే చేతికి సామాను ఇద్దామని కోఠీ బయలుదేరాను.

వెళ్లేవాళ్లు మెట్రోలో సుల్తాన్ బజార్ దగ్గర దిగండి. ఎల్బీనగర్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగినా నడిచే దూరమే. కారు మాత్రం తీసుకెళ్లొద్దు. గల్లీ సన్నం, అందులోనే బళ్లు, అందులోనే అట్టపెట్టెలు మోసుకొచ్చే కుర్రాళ్లు. దుకాణాల్లో గోడంతా చిన్నచిన్న సొరుగులు, ఒక్కోదాని మీద స్కెచ్ పెన్నుతో నంబర్లు. ఆ నంబర్లు తెలిస్తే రాజభోగం, తెలియకపోతే ఎవరూ పట్టించుకోరేమోనని జంకుతూనే వెళ్లాను. కౌంటర్లో ఆయన, ‘మేడమ్, ఎల్‌ఎస్ కావాలా, హెచ్‌సీ కావాలా?’ అన్నాడు. పిల్లలకు ‘మరియు, లేదా’ నేర్పడానికి బాబూ అన్నాను. నవ్వి, ఈ డబ్బా చేతిలో పెట్టి, ‘ఇందులో ఎల్‌ఎస్ ఉంటాయి. తేడా వస్తే తెండి, మార్చిస్తా’ అన్నాడు. ఒకే పని చేసే ఐసీల్లో (చిప్పుల్లో) రెండు రకాలివి. ఆ ప్రశ్న ఎంత ముఖ్యమో ఇంటికొచ్చాక తెలిసింది.

డబ్బాలో ఒక పొడుగాటి బ్రెడ్‌బోర్డు (వైర్లు గుచ్చుకునే రంధ్రాల పలక), ఒక కట్ట జంపర్ వైర్లు, ఎరుపు, పచ్చ ఎల్ఈడీలు, 330 ఓముల రెసిస్టర్లు కొన్ని, 10 కిలో ఓములవి కొన్ని, చిన్న డిప్ స్విచ్చు, 9 వోల్టుల బ్యాటరీకి క్లిప్పు, దాన్ని 5 వోల్టులకు దించే 7805 రెగ్యులేటరు ఉన్నాయి. అసలు సరుకు అయిదు ఐసీలు: 7408 అంటే ‘మరియు’, 7432 అంటే ‘లేదా’, 7404 అంటే ‘కాదు’, 7486 అంటే ‘రెండింట్లో ఒక్కటే’, 7400 అంటే ‘మరియు’ని తిరగేసిన నాండ్. ఒక్కోదానికి 14 కాళ్లు. ఒక కొసన చిన్న గంటు ఉంటుంది. గంటు ఎడమకు పెట్టి చూస్తే కింది వరసలో ఎడమ చివరిది 1, అక్కణ్నుంచి కుడికి 7 దాకా, తిరిగి పై వరసలో కుడి నుంచి ఎడమకు 8 నుంచి 14. ఏడో కాలు భూమికి (అంటే కరెంటు మైనస్ వైపుకి), పద్నాలుగోది 5 వోల్టులకు. 7408లో 1, 2 కాళ్లకు రెండు ప్రవచనాలు ఇస్తే 3లో జవాబు. ఇలాంటివే ఇంకో మూడు అదే ఐసీలో కూర్చుని ఉంటాయి, అంటే 30 రూపాయలకు అటూ ఇటూగా నాలుగు సంయోగాలు. సుద్దముక్కలతో పోలిస్తే చవకే.

బ్రెడ్‌బోర్డు గురించి ఒక్క మాట. పైనా కిందా ఎర్రగీత, నల్లగీత (కొన్నిటికి నీలం) పక్కన ఉండే రంధ్రాల వరస కరెంటు కోసం. ఈ పొడుగు బోర్డుల్లో చాలావాటికి ఆ వరస మధ్యలో తెగి ఉంటుంది. గీత మధ్యలో చిన్న ఖాళీ కనిపిస్తే లోపల కూడా తెగినట్టే. అక్కడో వైరుముక్క వేసి కలపకపోతే కుడిపక్క ఐసీలకు కరెంటే అందదు, పిల్లలు గంటసేపు తర్కంలో తప్పు వెతుక్కుంటారు. కాగితంలో ఈ ముక్క లేదు.

బ్యాటరీ ఊసే ఎత్తకండి. 9 వోల్టుల చవక బ్యాటరీ ఈ ఐసీలకు, దీపాలకు ఎక్కువసేపు ఆగదు. పాత ఫోను చార్జరు వైరు కోసి ఎర్రతీగ, నల్లతీగ బయటికి తీస్తే సరిగ్గా కావాల్సిన 5 వోల్టులు వస్తాయి. ఎల్‌ఎస్ ఐసీలకు 4.75 నుంచి 5.25 లోపు ఉండాలి. 7805 పెట్టకుండా బ్యాటరీ తిన్నగా తగిలిస్తే మాత్రం ఐసీ దహనసంస్కారానికి సిద్ధం.

ఇక కాగితం సంగతి. ప్రతి స్విచ్చుకూ 10 కిలో ఓముల రెసిస్టరును భూమికి కలపమని అందులో ఉంది. స్విచ్చు నొక్కితే 5 వోల్టులు, అంటే సత్యం. వదిలితే రెసిస్టరు ఆ కాలును సున్నాకు లాగుతుంది, అంటే అసత్యం. వినడానికి బాగుంది. మా మనవరాలు అక్షరం తేడా లేకుండా అలాగే కట్టింది. రెండు స్విచ్చులూ పైన, దీపం వెలిగింది. ఒకటి దించింది, దీపం వెలుగుతూనే ఉంది. రెండూ దించింది, అయినా మినుకుమినుకుమంటోంది. ‘మరియు’ సత్యపట్టికలో ఒక్క సత్యం ఉండాల్సిన చోట ఈ గోల!

‘అమ్మమ్మా, నీ ఐసీ పాడైంది.’

పాడవలేదు. మల్టీమీటరు పెట్టమన్నాను. స్విచ్చు వదిలేసిన కాలు మీద సున్నా లేదు, వోల్టు దాటి ఉంది. ఎల్‌ఎస్ ఐసీకి 0.8 వోల్టుల లోపైతే అసత్యం, 2 వోల్టులు దాటితే సత్యం. మధ్యలో ఉన్నదానికి అది జవాబుదారీ కాదు. ఎల్‌ఎస్ కాలు తనంతట తాను పైకి లాగుతుంది, దాన్ని కిందికి దించాలంటే 10 కిలో ఓములకు బలం చాలదు, ఒక కిలో ఓము పెట్టాలి. అసలు ఏ తీగా తగిలించకుండా వదిలేసినా ఆ కాలును అది సత్యంగానే చదువుకుంటుంది. ఏమీ చెప్పని మనిషిని ‘ఒప్పుకున్నాడు’ అని రాసుకునే పోలీసు పంచనామా లాంటి ఐసీ అన్నమాట.

నాకు కోపం రాకపోగా సంబరమేసింది. ప్రవచనానికి మొట్టమొదటి షరతు ఏమిటి? సత్యమో అసత్యమో ఏదో ఒకటి తేలాలి, రెండూ కాకూడదు, మధ్యలో ఉండకూడదు. ‘అబ్బ, ఎంత ఎండ!’ ప్రవచనం కాదు. ‘తలుపు వెయ్యి’ కాదు. ‘ఎక్స్ ప్లస్ 3 సమానం 7’, ఎక్స్ ఎంతో చెప్పేదాకా కాదు. ఇది పుస్తకంలో మొదటి పేజీ, ఎవరూ చదవని పేజీ. ఇక్కడ చూస్తే వోల్టు పైన ఊగుతున్న ఆ తీగ ప్రవచనం కాదు, అందుకే దాన్ని ఎవరితో కలిపినా జవాబుకు అర్థం లేదు. ముందు సరళ ప్రవచనాలు తేలాలి, తర్వాతే వాటిని కలిపే ‘మరియు’, ‘లేదా’ లాంటి సంయోజకాలు. మల్టీమీటరు ముల్లు చూపించి చెప్పాక ఆ పిల్లకు రెండోసారి చెప్పాల్సిన పని రాలేదు.

తప్పు ఎక్కడంటే, కాగితం హెచ్‌సీ రకానికి రాశారు, డబ్బాలో ఎల్‌ఎస్ రకం వేశారు. హెచ్‌సీకి 10 కిలో ఓములు చక్కగా సరిపోతాయి. దీపం సంగతీ అంతే. ఎల్‌ఎస్ జవాబు కాలు కరెంటును లోపలికి బాగా తీసుకుంటుంది, బయటికి ఇవ్వడంలో పిసినారి, అందుకే సత్యం వచ్చినప్పుడు దీపం నీరసంగా ఉంటుంది. కాగితం రెండో పేజీలో దీనికో ‘చిట్కా’ ఉంది: దీపాన్ని 5 వోల్టులకూ జవాబు కాలుకూ మధ్య పెట్టమని. అలా పెడితే వెలుగు బాగుంటుంది, నిజమే, కానీ అసత్యానికి వెలుగుతుంది, సత్యానికి ఆరుతుంది! ‘మరియు’ కాస్తా నాండ్ అయిపోతుంది. లెక్కలు నేర్చుకునే పిల్ల ముందు ఇలాంటి పని చేయకూడదు. మళ్లీ గల్లీకి వెళ్లి చెబితే, కౌంటర్లో ఆయన మాటకు కట్టుబడి అయిదింటికీ హెచ్‌సీవి ఇచ్చాడు. పైగా ఒక్క పైసా తీసుకోలేదు. హెచ్‌సీలో వాడని గేట్ల ఇన్‌పుట్ కాళ్లను గాలికి వదలకూడదు, భూమికో 5 వోల్టులకో కట్టెయ్యాలి అని కూడా చెప్పి పంపాడు. షాపుకి అయిదు నక్షత్రాలు ఊరికే ఇవ్వలేదు.

‘లేదా’ దగ్గర ఎక్కువ చెప్పడానికేం లేదు. 7432 తీసి 7408 ఉన్నచోటే గుచ్చితే చాలు, కాళ్ల వరస ఒకటే. రెండూ సత్యమైనా దీపం వెలుగుతుంది. రెండూ సత్యమైతే ఆరిపోవాలి అనుకునేవాళ్లకు 7486 ఉంది. ఇంట్లో మెట్ల కిందొకటి, పైనొకటి స్విచ్చులు పెట్టి మధ్యలో ఒక్క బల్బు వేస్తారే, ఆ పని చేసేది ఇదే: ఏ స్విచ్చు మార్చినా బల్బు స్థితి మారాల్సిందే. లెక్కల్లో ఉత్త ‘లేదా’ అంటే 7432నే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి, ఒకే స్విచ్చుల జతకు కలిపి, రెండు దీపాలూ చూడమనండి. నాలుగు వరసల్లో మూడింట ఒకేలా ఉంటాయి, ఒక్కదాంట్లో విడిపోతాయి.

అసలు రుచి ‘అయితే’ దగ్గరుంది. డబ్బా అంతా వెతికినా ‘అయితే’ ఐసీ దొరకదు. ఆ గల్లీలో కూడా ఎవరూ అమ్మరు. మొదట ఇది కిట్ లోపమనుకున్నాను, ఇప్పుడు ఇదే దీని గొప్ప అంటాను. ఎందుకంటే కట్టుకోవాలి. కట్టుకోవాలంటే అదేమిటో తెలియాలి. ‘పి అయితే క్యూ’ అబద్ధమయ్యేది ఒకే ఒక్క సందర్భంలో, పి జరిగి క్యూ జరగనప్పుడు. అంటే ‘పి కాదు, లేదా క్యూ’. పి తీగను 7404 మొదటి కాలుకు ఇవ్వండి. రెండో కాలు నుంచి వచ్చినదాన్ని 7432 మొదటి కాలుకు, క్యూ తీగను దాని రెండో కాలుకు. మూడో కాలు మీద దీపం. అంతే, అనుషంగికం తయారు. నాలుగు వైర్లు.

ఇప్పుడు ఆట. ‘ఒక సంఖ్య 4తో భాగితమైతే అది 2తో భాగితం.’ ఈ మాట అన్ని సంఖ్యలకూ నిజమేనని దానికి ఏ సందేహమూ లేదు. మొదటి స్విచ్చు ‘4తో భాగితం’, రెండోది ‘2తో భాగితం’. నేను సంఖ్య చెబుతాను, అది స్విచ్చులు సర్దుతుంది. 8 అన్నాను: రెండూ పైకి, దీపం వెలిగింది. 6: మొదటిది కిందికి, రెండోది పైకి, దీపం వెలుగుతూనే ఉంది. 7: రెండూ కిందికి, ఇంకా వెలుగుతోంది.

‘చూశావా, అసత్యం అసత్యం సత్యం ఎలా అయిందో! ఇక్కడ ఆరిపోయి ఉంటే 7 చెప్పగానే నువ్వు నిజమనుకున్న మాట అబద్ధమై కూర్చునేది. ఇప్పుడు మొదటిది పైకి, రెండోది కిందికి పెట్టు.’

పెట్టింది. దీపం ఆరింది.

‘ఈ వరసకు సరిపోయే సంఖ్య చెప్పు.’

ఆలోచించింది. 12 అంది, కాదంది. 20 అంది, నాలుక కరుచుకుంది. 4తో భాగితమై 2తో కాని సంఖ్య ఎక్కడుంటుంది? ‘లేదు కదా అమ్మమ్మా! అందుకే ఇది ఎప్పుడూ నిజం!’ అని అరిచింది. ‘రెండో వరస అసత్యం’ అని నేను దశాబ్దాలుగా అప్పజెప్పించిన పాటకు ఇదే అర్థం. ఆ వరసలోకి ఏ సంఖ్యా రాదు, అందుకే సిద్ధాంతం నిలబడింది. మిగతా మూడు వరసల్లోకి సంఖ్యలు వస్తూపోతూ ఉంటాయి, అక్కడ దీపం ఆరడానికి వీల్లేదు.

తర్వాత తీగలు మార్చి విపర్యయం కట్టాం: ‘2తో భాగితమైతే 4తో భాగితం’. 8కి వెలిగింది, 7కి వెలిగింది, 6కి టప్పున ఆరిపోయింది. ప్రత్యుదాహరణ అంటే ఇదేనని వేలుపెట్టి చూపించొచ్చు. జ్యామితిలో సగం మార్కులు పోయేది ఇక్కడే. ‘చతురస్రమైతే కర్ణాలు సమానం’ అని చదివి, కర్ణాలు సమానం కాబట్టి చతురస్రం అని రాసొచ్చే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్లకు దీర్ఘచతురస్రం చూపిస్తే చాలు, దీపం ఆరుతుంది.

ఇంకో ప్రయోగం కాగితంలో లేదు, నేనే చెబుతున్నా. 7486ని తులాభారంలా వాడుకోవచ్చు. దానికి రెండు సంయుక్త ప్రవచనాలు ఇవ్వండి: రెండూ ఒకటే అంటే దీపం ఆరి ఉంటుంది, విడిపోతే వెలుగుతుంది. ఒకవైపు ‘పి అయితే క్యూ’, రెండోవైపు ప్రతివర్తితం ‘క్యూ కాకపోతే పి కాదు’. ఈ రెండోదాన్ని ఊరికే మొదటిదానిలాగే కట్టేయకూడదు, క్యూని ఒకసారి తిరగేసి, పిని తిరగేసి, అనుషంగికం కోసం క్యూని మళ్లీ తిరగేసి కట్టాలి. లేకపోతే పరీక్ష ఏం పెట్టినట్టు? స్విచ్చులు నాలుగు రకాలుగా మార్చినా దీపం వెలగదు. తత్తుల్యం అన్నమాట. ప్రతివర్తితం తీసేసి విపర్యయం పెట్టండి, రెండు వరసల్లో వెలుగుతుంది, సరిగ్గా రెండు స్విచ్చులూ వేర్వేరుగా ఉన్నప్పుడు. ఒకటికొకటి సమానమని పిల్లలు పొరబడే జత ఏది, నిజంగా సమానమయ్యే జత ఏది అన్నది దీపం తేల్చేస్తుంది.

డిమోర్గాన్ నియమాలు కూడా ఇలాగే తూచాం. ‘పి మరియు క్యూ’ మొత్తానికి కాదు అంటే, ‘పి కాదు లేదా క్యూ కాదు’. లోపలి ‘మరియు’ బయటికొచ్చేసరికి ‘లేదా’ అవుతుంది, చాలామంది ఈ మార్పు మరిచిపోతారు. మరిచిపోయి కట్టి చూడమన్నాను, దీపం రెండు వరసల్లో వెలిగి తప్పు పట్టిచ్చింది. ఈ డిమోర్గాన్ 1806లో పుట్టింది మన మదురైలోనే. తండ్రి ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండేవాడు, పసిగుడ్డుగా ఉండగానే ఇంగ్లండు తీసుకెళ్లిపోయారు. మా మనవరాలికి నియమం కంటే ఇదే ముందు గుర్తుండిపోయింది. ఏదో ఒకటి ఉంది కదా, సంతోషం.

సి భాష నేర్చుకున్నవాళ్లు ఒకటి గమనించాలి. ప్రోగ్రాంలో రెండు యాంపర్సాండ్‌లు పెట్టి రాసే ‘మరియు’, ఎడమది అసత్యమని తేలితే కుడివైపు చూడనే చూడదు. అందుకే అక్కడ ముందు ఏది రాశామన్నది ముఖ్యం, సున్నాతో భాగించకుండా కాపాడుకునేది అలాగే. ఐసీలో ఆ వరసక్రమం లేదు, రెండు కాళ్లూ ఒకేసారి వింటుంది. లెక్కల్లోనూ అంతే: పి మరియు క్యూ అన్నా, క్యూ మరియు పి అన్నా ఒకటే.

పునరుక్తి (ఎప్పుడూ సత్యమే అయ్యే ప్రవచనం) దగ్గర కిట్ ఒక కొంటెపని చేస్తుంది. ‘పి లేదా పి కాదు’ కడితే దీపం ఎప్పుడూ వెలిగే ఉంటుంది, స్విచ్చు ఎలా తిప్పినా. కంటికి అంతే. కానీ ‘కాదు’ గేటు జవాబు చెప్పడానికి పది నానోసెకన్ల లెక్కలో సమయం పడుతుంది. ఆ లోపు పి సత్యం నుంచి అసత్యానికి దిగిపోతే, ‘పి కాదు’ ఇంకా లేవలేదు కాబట్టి, రెండు తీగలూ అసత్యంగా ఉండే క్షణం ఒకటుంటుంది. కంటికి కనపడదు గానీ ఆసిలోస్కోపు ఉన్న కాలేజీలో పట్టుకునే వీలుంది. కాగితం మీది సత్యానికి కాలం లేదు, తీగకు ఉంది. ఇంజనీరింగు పిల్లలు దీన్ని హజార్డ్ అని చదువుకుంటారు. లెక్కల టీచర్లు దీన్ని చూసి కంగారుపడనక్కర్లేదు.

ఓపిక ఉన్నవాళ్లకు 7400 ఒక్కటి చాలు. నాండ్ ఒక్కదానితోనే మిగతా సంయోజకాలన్నీ పుట్టించొచ్చు. రెండు కాళ్లకూ ఒకే తీగ ఇస్తే ‘కాదు’. ‘అయితే’కి రెండు నాండ్‌లు చాలు: క్యూని తిరగేసి, దాన్ని పితో కలిపి ఇంకో నాండ్‌కు ఇవ్వడమే. 7404, 7432లు పక్కన పెట్టేసి ఒకే ఐసీలో అనుషంగికం, ఇంకా రెండు గేట్లు మిగులుతాయి. 7486 చేసే పనికి నాలుగూ కావాలి. ఇది ముందే చెబితే పిల్లలు బెదురుతారు. గేట్లన్నీ చేతికి అలవాటయ్యాక ఇవ్వండి.

ఫోన్లో ఉచితంగా దొరికే సిమ్యులేటర్లు ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి, బాగున్నాయి, వైర్లు ఊడవు. కానీ అందులో వోల్టు పైన ఊగే తీగ ఉండదు, అన్నీ ముందే సత్యాసత్యాలుగా తేలిపోయి ఉంటాయి. కాలేజీ ల్యాబుల్లో ఉండే పెద్ద ట్రైనర్ పెట్టెలూ చూశాను. స్విచ్చులు, దీపాలు బిగించి ఉంటాయి, పని త్వరగా అవుతుంది, ఖరీదు వేలల్లో. ముగ్గురు నలుగురికి ఒకటి ఇస్తారు, ఒకరు వైర్లు పెడితే మిగతావాళ్లు రికార్డు రాసుకుంటారు. ఇంట్లో ఒక్క పిల్ల కోసమైతే ఈ డబ్బాయే నయం.

డబ్బా మొత్తం 600 రూపాయల లోపే పడింది. విడిగా కొంటే ఇంకాస్త తక్కువకే వస్తుంది, పైగా కాగితం పీడ ఉండదు. చీటీ మీద ఇవి రాసుకెళ్లండి: 74హెచ్‌సీ08, 32, 04, 86, 00 ఒక్కోటి, డిప్ స్విచ్చు బదులు రెండు వైపులా తిరిగే స్లైడ్ స్విచ్చులు మూడు, వాటికైతే రెసిస్టరే అక్కర్లేదు, 330 ఓములు పది, ఎల్ఈడీలు పది, జంపర్లు ఊడిపోతుంటాయి కాబట్టి వాటి బదులు ఒంటితీగ హుకప్ వైరు రెండు రంగుల్లో మీటరు చొప్పున. 04 అడిగినప్పుడు అంకె గట్టిగా చెప్పండి. పక్క సొరుగులోనే 02 ఉంటుంది, నార్ గేటు, దాని జవాబు మొదటి కాలు మీద వస్తుంది, 08, 32లలోలా మూడో కాలు మీద కాదు. హెచ్‌సీ లేవు ఎల్‌ఎస్సే ఉన్నాయంటే అవే తీసుకోండి. డిప్ స్విచ్చుతో కట్టేట్టయితే మాత్రం 10 కిలో ఓములవి కాకుండా ఒక కిలో ఓము రెసిస్టర్లు అడగండి.